థల్లూసా ఎడమ కన్ను

థల్లూసా ఎవరినీ నమ్మేది కాదు. నా ముగ్గురు పిల్లల్నీ భూమ్మీదికి తెచ్చింది ఆవిడే. ముప్ఫై ఏళ్లు ఒకే మేడ మెట్లు ఎక్కీ దిగీ బతికాం. ఆవిడది మూడో అంతస్తు, మాది నాలుగు. అయినా సరే, పొద్దున్నే ఎదురుపడి "బాగున్నావా అక్కా?" అన్నానంటే ఠక్కున ఆగిపోయి, ఎడమ కనుబొమ్మ పైకెత్తి, "ఏం, ఎందుకడుగుతున్నావు మేష్టారూ?" అనేది.

ఆ కనుబొమ్మ సంగతి మా రేవు ఊరు ఓస్తియాలో తెలియనివాడు లేడు. ఆవిడ మంత్రసాని. నది ఒడ్డు పేటల్లో సగంమంది ఆవిడ చేతుల్లోకే జారి పడ్డవాళ్లు. బిడ్డ పుట్టగానే బొడ్డు కోసి, ఉప్పు రాసి కడిగి, వేళ్లు లెక్కపెట్టి, తండ్రి కాళ్ల ముందు నేలమీద పెట్టేది. పెట్టి ఊరుకుంటేనా! బిడ్డ మొహంకేసి ఒకసారి, తండ్రి మొహంకేసి ఒకసారి చూసేది. కనుబొమ్మ లేచేది. తాళ్లు పేనే మస్కిలో పాపం ఆ చూపు దెబ్బకి మూడు రోజులు రొట్టె ముట్టలేదు, పెళ్లాంతో మాట్లాడలేదు. తర్వాత నేనే వెళ్లి అడిగాను. "నేనేం అనుకోలేదే! పిల్లాడి ముక్కు వంకరేమోనని చూశాను," అంది థల్లూసా. ఆ ముక్క మస్కిలోకి చెప్పి, వాడిచేత రొట్టె తినిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. నాలుగు పళ్లతో వచ్చింది.

ఆవిడ భర్త ఎపాఫ్రో ఓడల్లోంచి గోధుమ బస్తాలు దించేవాడు. ఆయన పోయినప్పుడు, అప్పట్లో అందరూ చేసినట్టే, కట్టెలమీద కాల్చారు. నిప్పుమీద ద్రాక్షసారా చల్లి ఆర్పి, ఎముకలు ఏరి, కుండలో పెట్టి ఇచ్చాడు కాటి మనిషి. ఎవరైనా ఏం చేస్తారు? కుండ పట్టుకుని ఏడుస్తూ నడుస్తారు. థల్లూసా అక్కడే కూర్చుని, పైబట్ట నేలమీద పరిచి, కుండ బోర్లించింది. పుట్టినవాళ్ల వేళ్లు లెక్కపెట్టే చెయ్యి కదా, అలవాటు ఎక్కడికి పోతుంది! ఎముకల మధ్య నాలుగు కింది పళ్లు కనిపించాయి. ఎపాఫ్రోకి కింది వరసలో ఒక్క పన్ను కూడా లేదు. పదేళ్లపాటు ఆయన రొట్టెను పుల్లనీళ్లలో నానేసుకుని తినడం నేనే కళ్లారా చూశాను.

"ఇవెవరివి?" అంది.

"కాలాక అన్నీ ఒకటేనమ్మా," అన్నాడు కాటి మనిషి. "నిన్న పక్కపక్కన రెండు చితులు. గాలి లేచింది. నన్నేం చేయమంటావు?"

ఆ కుండే తెచ్చుకుంది. ఊరి బయట గోరీల దారిలో వాళ్లకో చిన్న గది ఉంటే, అందులో గూట్లో పెట్టింది. ఏటా చలికాలం చివర, పోయినవాళ్లకి పెట్టే రోజుల్లో వెళ్లి, నానిన రొట్టె, ఉప్పు, నాలుగు ఊదా పూలు పెట్టి, ద్రాక్షసారా పోసేది. సగమే పోసేది.

"మిగతా సగం ఏం పాపం చేసిందక్కా?" అన్నాను ఒకసారి.

"లోపలున్నది ఆయనేనని తేలితే అదీ పోస్తా," అంది. ఆ మిగిలిన సగం వాళ్ల అన్న కొడుకు రూఫియో తాగేవాడు. వాడు ఏటా తప్పకుండా వెంట వచ్చేది అందుకే.

అప్పట్నుంచి ఆవిడకి లోకంలో ఒకటే కోరిక మిగిలింది. తనని కాల్చకూడదు. తన పెట్టెలో తనొక్కతే ఉండాలి. ఇంకొకరి గోరు ముక్క కూడా అందులో పడకూడదు.

కాల్చకుండా మనిషిని పడుకోబెట్టే పాలరాతి పెట్టెల మోజు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తోంది. పాతకాలపువాళ్లు "కుండ చాలనివాళ్లకి రాయి కావాల్సొచ్చిందా!" అని మూతులు విరిచేవారు. థల్లూసా చెవులకున్నవీ చేతులకున్నవీ అన్నీ అమ్మేసి, ప్రసవాల కుర్చీ ఒక్కటే మిగుల్చుకుని, గోరీల దారి దగ్గర హిలారో రాతి పెరట్లో ఒక పెట్టె కొనుక్కుంది. నన్ను తోడు రమ్మంది. బేరానికి కాదు. హిలారో తనతో ఒకటి చెప్పి, నాతో ఇంకొకటి చెబుతాడేమో చూడ్డానికి.

ఆ పెరట్లో పెట్టెలన్నీ వరసగా నిలబడి ఉండేవి. వేటలు, పెళ్లిళ్లు, యుద్ధాలు, సముద్రపు గుర్రాలమీద ఊరేగే ఆడవాళ్లు. ఒంటిమీద బట్ట మడతలతో సహా అన్నీ పూర్తి. మొహాలు మాత్రం ఉండవు. మొహం ఉండాల్సిన చోట రాతి ముద్ద. ఎవరు కొంటారో, ఎవరు ముందు పోతారో హిలారోకి ముందే తెలియదు కదా! కొన్నాక మొహం. ఆ మొహాలు చెక్కేవాడు అగాథో. పిడికెడంత రాయిలో మీ మేనత్తను చూపిస్తాడు. నోట్లోంచి మాట మాత్రం ఊడిపడదు. అతని వంతూ కలిపి పెళ్లాం నెబ్రిస్ మాట్లాడుతుంది. అతను రాయి తొలిచే బరమా పట్టుకుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని తోలు వారు అటూ ఇటూ లాగుతుంది. వారు లాగే కొద్దీ బరమా తిరుగుతుంది, ఆవిడ నోరూ తిరుగుతుంది.

థల్లూసాకి నచ్చిన పెట్టెమీద గొల్లవాడు చెట్టు కింద నిద్రపోతున్నాడు. వెన్నెల దేవత బండి దిగి వాడి దగ్గరకి వస్తోంది. రెండు మొహాలూ ముద్దలే.

"పోయినవాళ్ల మొహం పెట్టేది ఆ పడుకున్నవాడికి, థల్లూసమ్మా," అన్నాడు హిలారో. "నువ్వు ఆడమనిషివి అంటావా, దానికేం! నడుం కాస్త సన్నం చేసి, జుట్టు కాస్త పెంచి... కిందటి నెలే ఒకావిడకి అలా చేసిచ్చాం. కొడుకులు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"నవ్వాపుకోలేక అయ్యుంటుంది," అంది థల్లూసా. "నేను పడుకోను. పడుకుని నోరు తెరిచానంటే, ఎవరేం చేసుకుపోతున్నారో ఎవరు చూస్తారు? నేను నిలబడతా. ఆ దేవత మొహం నాది."

"మరి పడుకున్నవాడు?"

"మా ఆయన."

"మొహం ఎలా ఉంటుందో చెబితే..."

"వద్దు. కుండలో ఉన్నది ఎవరో తేలనీ."

మూతమీద పేరు రాసే పని నాకు పడింది. నలభై ఏళ్లు అక్షరాలు దిద్దించినవాణ్ణి, సంబరంగా ఆరు పంక్తులు రాశాను. కొట్టించి కొట్టించి రెండు చేసింది. థల్లూసాకి చదువు రాదు. అందుకని సోమవారంనాడు నాచేత చదివించింది, గురువారంనాడు చదివించింది, పది రోజులాగి మళ్లీ చదివించింది. ఒక్క ముక్క తేడా వస్తే పట్టుకుందామని! అదీ చాలక, రేవులో దారిన పోయే ఓడవాణ్ణి ఆపి, వాడిచేత చదివించి, నా చదువుతో సరిపోల్చుకుంది. నాకు కోపం రాలేదనను. కానీ ఒకటి చెప్పాలి, ఆ ఓడవాడు బాగానే చదివాడు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. పేరు మూతమీద ఉంది. మూత ఎత్తి ఇంకో పెట్టెమీద పెట్టడం ఎంతసేపు? నలుగురు మనుషులు, ఒక గడకర్ర చాలు. పెట్టె తనదేనని చెప్పేది ఒక్క మొహమే. అది చెక్కితే ఇంకెవరికీ పనికిరాదు.

"చెక్కేయమంటావా పిన్నీ?" అన్నాడు అగాథో. ఆ నెలలో అతను మాట్లాడిన మాట అదొక్కటే.

థల్లూసా కీడు తగలకుండా గుండెల మీది బట్టలోకి మూడుసార్లు ఉమ్మింది. "చెక్కితే నాకింకేం మిగిలిందిరా? మొహం సిద్ధంగా ఉంది, మనిషే రావాలి అని పాతాళంలో కిందివాళ్లకి కబురు పెట్టినట్టే కదా! చేపలమ్మే ప్లాంక్టా మొహం చెక్కించుకుని నలభై రోజులు తిరక్కుండా పోయింది."

"ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్లత్తా!" అంది నెబ్రిస్.

"అయితే? అంతకు ముందు రోజు దాకా బాగానే ఉందిగా?"

"పోనీ చెక్కించుకోకు. అలాగే ఉండనీ."

"అలాగే ఉంటే హిలారో అమ్మేసుకుంటాడు."

"గోరీ గదిలో పెట్టించుకో మరి."

"కావలి లేని చోట ఖాళీ పెట్టె పెడితే, పొద్దున్నకి అందులో ఎవడో పడుకుని ఉంటాడు."

"మరేం చేస్తావు?"

"కాపలా కాస్తా."

కాసింది కూడా. రోజూ ప్రసవం నుంచి వస్తూనో, ప్రసవానికి వెళ్తూనో పెరట్లోకి దూరేది. పెట్టె వెనకవైపు కింద తనే మేకుతో గీసుకున్న గీత ఉందో లేదో వేలు పెట్టి తడుముకునేది. తర్వాత లోపలికి వంగి, ఎవరైనా పడుకున్న వాసన వస్తోందేమోనని ముక్కు పెట్టి చూసేది. అగాథో చేతిలో పని ఆపి ఆవిణ్ణి చూస్తూ కూర్చునేవాడు. అదీ ఆవిడకి అనుమానమే. "వాడెందుకలా చూస్తాడు? హిలారో నామీద నిఘా పెట్టాడా?" అని నన్ను నిలదీసేది.

అలా ఉండగా తూర్పు నుంచి సైన్యం తిరిగొచ్చింది. దానితో పాటు జ్వరం వచ్చింది. ఒళ్లంతా పొక్కులు లేచి, మూడు ఇళ్లకో మనిషి రాలిపోతుంటే, ఊళ్లో కట్టెలూ చాలలేదు, పెట్టెలూ చాలలేదు. రాయి తెచ్చే ఓడలు రావడం మానేశాయి. హిలారో పెరట్లో వరసలు పలచబడ్డాయి. థల్లూసా కాపలా రెండు పూటలైంది.

సరిగ్గా అప్పుడే నది అవతల ఒకామెకి కవలలు అడ్డం తిరిగారు. రెండు రోజులు థల్లూసా అక్కణ్ణుంచి కదలడానికి లేకపోయింది. మూడో రోజు పొద్దున్నే పడవ దిగుతూ నాకు కనిపించింది. నిద్ర లేదు, చేతులకి ఇంకా నూనె జిడ్డు. ఇంటికి కాదు, తిన్నగా పెరటి వైపే నడుస్తోంది. "ఇద్దరూ బతికారు," అంది, నేను అడక్కముందే. నేనూ వెంట వెళ్లాను.

పెట్టె ఉండాల్సిన చోట లేదు. నేలమీద నాలుగు మూలల గుర్తు, దాని చుట్టూ ఈడ్చుకెళ్లిన గీతలు. తడక వెనకనించి బరమా చప్పుడు వినిపిస్తోంది.

హిలారో ఎదురొచ్చాడు. "రా రా థల్లూసమ్మా, అలసిపోయినట్టున్నావు. కూర్చో. కాసిని నీళ్లు తాగుతావా?"

థల్లూసా కనుబొమ్మ లేచింది. "ఇరవై నెలలుగా వస్తున్నా. ఎప్పుడైనా నీళ్లిచ్చావా? నా పెట్టె ఏది?"

"అదే చెప్పబోతున్నా... ధాన్యం కొట్ల పెద్దాయన ఇంటి కోడలు పోయింది. పాతికేళ్లు కూడా లేవు, పాపం. ఇవాళ సాయంత్రానికల్లా పెట్టాలి. వాళ్ల గుమాస్తాకి వెన్నెల దేవతే నచ్చింది. కాదంటే నా పెరడు ఉంటుందా చెప్పు? నీకేం, బంగారంలా ఉన్నావు, ఇంకా ఇరవై ఏళ్లు ఉంటావు. ఓడలు రానీ, దీన్ని తలదన్నే పెట్టె..."

మిగతాది ఆవిడ వినలేదు. హిలారోని పక్కకి నెట్టి తడక దాటింది. నేను వెనకే పరిగెత్తాను. అగాథో మోకాళ్లమీద ఉన్నాడు. నెబ్రిస్ తోలు వారు లాగుతోంది. ఇద్దరూ పిండిలో దొర్లినట్టు తెల్లగా ఉన్నారు. మేం రాగానే అగాథో దేవత తలమీద తడిగుడ్డ కప్పేశాడు.

"కప్పు, కప్పు!" అంది థల్లూసా. "ఇందుకేనట్రా రోజూ నా వంక అలా చూశావు? ఎప్పుడు రానో కనిపెట్టడానికా? నీ కూతుర్ని ఈ చేతుల్తోనే లాగాను. నన్ను తీసుకెళ్లి ఎవడి పక్కనో కలిపి కాల్చేయండి, పొండి! నాలుగు పళ్లు కాకపోతే నలభై పడతాయి!"

"అత్తా, ఒక్క మాట విను..." అంది నెబ్రిస్.

"నువ్వు మాట్లాడకు. వారు లాగింది నువ్వు."

సరిగ్గా అప్పుడు గుమాస్తా వచ్చాడు, చంకలో గుడ్డ చుట్టిన మూట. పోయినమ్మాయి మొహంమీద మైనం పోసి తీసిన అచ్చు అది. "ఏదీ, ఎంతవరకొచ్చింది? ఇదిగో, మొహం తెచ్చాను," అన్నాడు.

అగాథో గుడ్డ తీశాడు.

గుమాస్తా రాయివంక చూశాడు. చేతిలో మైనంవంక చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి థల్లూసావంక చూశాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి, పెదాలు బిగించి, మెడ కాస్త ముందుకి చాచి, వెన్నెల దేవత గొల్లవాడివంక చూస్తోంది. ప్రేమతో వచ్చినట్టు లేదు. వీడు నిజంగా నిద్రపోతున్నాడా, నటిస్తున్నాడా అని చూడ్డానికి వచ్చినట్టుంది.

"ఈ... ఈ మొహం కింద మా చిన్నమ్మగారిని పడుకోబెట్టమంటావా?" అన్నాడు గుమాస్తా.

"చెక్కేసిన మొహం మారదయ్యా," అంది నెబ్రిస్. "తీసేద్దామంటే రాయి లోపలికి పోతుంది. మీ చిన్నమ్మగారికి మొహం బదులు గుంట వస్తుంది. నీ ఇష్టం."

గుమాస్తా ఇంకొక్క క్షణం కూడా అక్కడ నిలబడలేదు. బొమ్మలు లేకుండా ఒట్టి అలల గీతలున్న పెట్టె ఒకటి మూలనుంటే, అదే చాలన్నాడు. హిలారో వెళ్తూ వెళ్తూ అగాథో చెవిలో బుసకొట్టాడు. "ఏంట్రా ఇది?"

"మొహం చెక్కమన్నావు. చెక్కాను," అన్నాడు అగాథో. "ఎవరిదో చెప్పలేదు."

ఆ గొడవంతా అయ్యాక థల్లూసా రాయి ముందు చతికిలబడింది. అద్దంలో కూడా తనని తాను సరిగ్గా చూసుకున్న మనిషి కాదు.

"ఇదెవరు?" అంది.

"నువ్వేనత్తా."

"నేనిలా చూస్తానా?"

"ఇప్పుడూ అలాగే చూస్తున్నావు," అంది నెబ్రిస్. నేను పైబట్ట నోటికడ్డం పెట్టుకున్నాను.

కొంచెంసేపటికి ఆవిడ మొహం మాడిపోయింది. పెట్టె దక్కింది, నిజమే. కానీ మొహం వచ్చేసింది. "చంపేశావు కదరా అగాథో," అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

అగాథో బరమా తీసుకుని దేవత ఎడమ కంటికి ఆనించాడు. కుడి కంట్లో గుంట తొలవడం అయింది, చూపు వచ్చింది. ఎడమ కన్ను ఇంకా ఉబ్బెత్తు రాయి. నెబ్రిస్ వారు అందుకుంది. అంతే, థల్లూసా చటుక్కున ఆ వారు పట్టేసింది.

"ఆగండి! అది తొలవకపోతే?"

"తొలవకపోతే మొహం పూర్తి కాదు పిన్నీ."

"పూర్తి కాలేదని నువ్వు చెప్పగలవా? ఒట్టేసి?"

"కన్ను లేని పని నేను పూర్తయిందనను."

"అయితే కిందివాళ్లూ అనరు," అంది థల్లూసా. వారు వదల్లేదు. "ఉండనీ. నేను పోయాక తొలువు. కానీ నువ్వే తొలవాలి. ఇంకెవరూ వద్దు. వాళ్లకి నా కన్ను తెలీదు."

అలా ఆ పెట్టె ఒంటి కన్నుతో పెరట్లో నిలబడింది. ఎవరూ దాన్ని కొనలేరు, కిందివాళ్లు ఆవిణ్ణి రమ్మని పిలవలేరు. ఇంక థల్లూసా నిశ్చింతగా ఉంటుందనుకున్నాను. నా పిచ్చి! ఇప్పుడు అనుమానమంతా అగాథో ఒంటిమీదికి మళ్లింది. రాతిపొడి మింగి మింగి అతనికి దగ్గు. అతను ముందు పోతే? రోజూ పొద్దున్నే పప్పు జావ గిన్నెతో పెరట్లో దిగేది. నాలుక చాపమనేది. వీపుమీద చెవి పెట్టి వినేది. తేనెలో ఏదో ఆకు నూరి నాకించేది. పని చేసేటప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమని వెంటపడి కట్టించింది. "దాచకు, రాత్రి ఎన్నిసార్లు దగ్గావు?" అని నెబ్రిస్‌ని పక్కకి పిలిచి విడిగా అడిగేది, ఇద్దరూ ఒకే లెక్క చెబుతున్నారో లేదో తేల్చుకోవడానికి. ఆ పెరట్లో రాతిపనివాళ్లు యాభై దాటడం అరుదు. అగాథో అరవై నాలుగు దాటాడు.

థల్లూసా తొమ్మిదేళ్లు బతికింది. ఒక మధ్యాహ్నం స్నానశాల నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, నానబెట్టిన సెనగలు తింటూ పోయింది. గిన్నెలో ఇంకా సగం ఉన్నాయి. అంతకు ముందు వారమే నన్ను పిలిచి, నోరు తెరిచి, "లెక్కపెట్టు," అంది. పదకొండు. "గుర్తుపెట్టుకో. మూత వేసేముందు మళ్లీ లెక్కపెట్టు. రూఫియో మాట నమ్మకు."

గోరీ గది గోడ పడగొట్టి పెట్టె లోపలికి దించారు. పెట్టెలో ఆవిణ్ణి పడుకోబెట్టాక, అందరూ చూస్తుండగా, సిగ్గు విడిచి, దీపం దగ్గర పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టాను. పదకొండు. గట్టిగా చెప్పాను కూడా. పెట్టె అడుగంతా తడిమాను. దుమ్ము కూడా లేదు. ఒక్కతే ఉంది.

ఎపాఫ్రో కుండని లోపల పెట్టబోయాడు రూఫియో.

"వద్దు," అన్నాను. "బయట, రాతిమీద పడుకున్నాయన తల దగ్గర పెట్టమంది. పక్కనే ఉండాలి, కలవకూడదు అంది."

మూత వేశాక అగాథో బరమా తీశాడు. నెబ్రిస్ జుట్టు ఆ రోజుకి రాతిపొడి లేకుండానే తెల్లన. ఆవిడ వారు పట్టుకుని, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని లాగింది. కాస్త పొడి రాలింది. అగాథో ఊది, వెనక్కి జరిగి చూసి, "అయింది," అన్నాడు.

కుడి కన్ను గొల్లవాణ్ణి చూస్తుంది కదా. ఎడమ కన్ను అలా లేదు. ఆ కన్ను గుమ్మంవైపు చూస్తుంది. ఎలా కుదిర్చాడో నాకు తెలియదు, మెల్లకన్నులా కూడా అనిపించదు. మీరు తలుపు తీసి అడుగు లోపల పెట్టగానే, "ఏం, ఎందుకొచ్చావు?" అంటున్నట్టే ఉంటుంది. గొల్లవాడికి మాత్రం ఇప్పటికీ మొహం లేదు. ఎవరో తేలలేదు కదా.

మొన్న పోయినవాళ్ల రోజుల్లో రూఫియోతో కలిసి వెళ్లాను. వాడు కుండ దగ్గర సగం పోశాడు, అది మేనత్త ఆనవాయితీ. తర్వాత పెట్టె దగ్గరకొచ్చి కాసిని పోసి, కూజా వెనక్కి తీసుకోబోయాడు. తల ఎత్తాడు. ఆగాడు. మళ్లీ వంచి, చివరి చుక్కదాకా పోసి, కూజా తలకిందులుగా పట్టుకుని ఊపాడు.

"మొత్తం పోశాను, చూశావుగా మేష్టారూ?" అన్నాడు నాతో.

"నాకెందుకు చెబుతావు? ఆవిడకి చూపించు," అన్నాను.

వాడు కూజా మూతి రాయివైపు తిప్పి పట్టుకున్నాడు, ఆవిడ లోపలికి చూసేంతసేపు.